చదరపు మీటరు

నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు, నాలుగు మూల ముక్కలు.
బిగిస్తే ఒక చదరపు మీటరు.
షాన్ కొండల మీద, ఫిబ్రవరి మంచులో,
దాన్ని భుజాన తగిలించుకుని నడుస్తాను.
ముప్పై అడుగులకోసారి
గసగసాల మొక్కల నెత్తిన దించి
లోపల పడ్డవాటిని లెక్కపెడతాను.

మొగ్గలెన్ని, పూలెన్ని,
రేకు రాలి బోడి తలలైన కాయలెన్ని.
ప్రతి కాయకీ ఎత్తూ లావూ
ఇనుప కొలతతో పట్టి చెబుతాను.
జాపో రాసుకుంటాడు, పెన్సిలు మొన నాలిక్కి అద్దుకుంటూ.
ఈ అంకె కొండ దిగుతుంది, విమానం ఎక్కుతుంది,
వియన్నాలో ఒక బల్ల మీద
మిగతా అంకెల మధ్య సర్దుకు కూర్చుంటుంది.
దాన్ని చూసి దేశాలు
దేశాలకి ఉత్తరాలు రాసుకుంటాయి.

పొలం నాషీది. లాహు మనిషి, మొగుడు లేడు.
గట్టు మీద గొంతుక్కూర్చుని నన్నే చూస్తోంది.
"ఇంత ఒద్దికగా
మా ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళొస్తాయో
ఎవరైనా కొలిచారా?" అంది.
తిట్టలేదు. నిజంగానే అడిగింది.

కాఫీ మొక్కలు ఇచ్చారట పైవాళ్ళు.
మూడేళ్ళు వాగు నుంచి నీళ్ళు మోసింది.
నాలుగో ఏడు కొమ్మ వంగేలా పండాయి.
ఆ వానకే రోడ్డు జారి లోయలో పడుకుంది.
లారీ రాలేదు. గింజ బూజెక్కింది.
నల్లమందు కొనేవాడు మాత్రం
మోకాటి బురదలో మోటారు సైకిలు ఈడ్చుకుంటూ
గడప దాకా వచ్చాడు,
ఉప్పుకీ బియ్యానికీ ముందే అప్పిచ్చాడు.

"మా తాత దగ్గర దీనికి పన్ను కట్టించుకున్నారు.
మా నాన్న దగ్గర సిపాయిలు
కంచరగాడిదల మీద ఎత్తుకుపోయారు.
నా దగ్గర కర్రలతో కొట్టి పడేశారు.
ముగ్గురూ కాగితమే చూపించారు.
నాకు చదువు రాదు గనక
అది ఒకటే కాగితం అనుకున్నాను."

నేనేం చెప్పను?
నా తమ్ముడు ఖున్ ప్యో
పచ్చరాళ్ళ గనుల్లో, టార్పాలిన్ కింద,
చేతికి సూది ఉండగానే పోయాడు. ఇరవై రెండేళ్ళు.
వాణ్ణి చూసి వచ్చాకే ఈ పనికి దరఖాస్తు పెట్టాను.
ఈ తెల్లటి పాలంటే నాకు ఒళ్ళు మంట.
ఒక్కో కాయ కొలుస్తుంటే
ఏది వాడిదో అనిపిస్తుంది, ఇప్పటికీ.

గుడిసెలోంచి మూలుగు.
నాషీ తల్లికి రొమ్ములో గడ్డ, వీపుదాకా పాకింది.
ఆస్పత్రికి రెండు రోజుల నడక.
నొప్పికి మార్ఫిన్ అడిగితే
అనుమతి ఉండాలన్నారు,
అనుమతికి డాక్టరుండాలి,
డాక్టరు బదిలీ మీద వెళ్ళాడు.
బీరువా చూపించారట:
రెండు తాళాలు. తీస్తే ఖాళీ.

మందు అనే మాట ఇంకా అంటుకునే ఉంది
నల్లమందు పేరుకి.
ఎవరూ ఊడబెరకలేదు దాన్ని, మరిచిపోయారు.

మూడో చోట చట్రం దించాను.
మూలన ఒక కాయకి గాట్లు,
మూడు గీతలు, పక్కపక్కనే,
కోతకి ఇంకా వారం ఉండగానే.
అంచున గోధుమరంగు జిగురు
గోటితో గీకిన ఆనవాలు.
నాషీ కళ్ళు దించుకుంది.
ఆమె కుడి బొటనవేలి గోరు నల్లగా ఉంది.

నా కాగితంలో పచ్చికాయకి గడి ఉంది,
పండినదానికి ఉంది,
రాత్రి టీలో కలిపి తల్లికి తాగించినదానికి లేదు.
చెప్పొచ్చు. చెప్పకపోతే
వియన్నాలో ఏ గోడా కూలదు.
ఖున్ ప్యో మాత్రం కాసేపు నా పక్కనే నిలబడ్డాడు,
ఏమీ అనకుండా.

"పదిహేడా, పద్దెనిమిదా?" జాపో అడిగాడు.

చట్రాన్ని బెత్తెడు పక్కకి జరిపాను.

"పదిహేడు."

తరవాతి పొలం వాగు అవతల.
త్వరగా వెళ్ళాలి,
ఎండెక్కితే కాయ కుంచించుకుపోతుందట,
కొలత తప్పుతుందట.